మధ్యలో వచ్చిన గుర్రం

కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్నారు.
రోత మళ్ళీ వింత కావడానికి
ఎన్నేళ్ళు పడుతుందో మాత్రం చెప్పలేదు.

ఉలాన్‌బాతర్ శివార్లలో విడిభాగాల సంత.
సున్నాకు ముప్పై ఎనిమిది మెట్లు కింద ఉదయం.
బొగ్గుపొగ ఇంకా లేవలేదు,
ఇళ్ళ మీదే ముసుగుతన్ని పడుకుంది.
ఇనుప డబ్బా దుకాణంలో షాగ్దర్
నా ప్రియస్ వెనక సీటు పీకి గోడకి ఆనించి
బ్యాటరీ పొట్ట విప్పి కూర్చున్నాడు.
ఇరవై ఎనిమిది గదులు. మూడు చచ్చాయి.

ఈ ఊళ్ళో రాయి విసిరితే ప్రియస్ మీదే పడుతుంది.
తెల్లది, బూడిదరంగుది,
ఒకప్పుడు తెల్లదైన బూడిదరంగుది.
జపాన్‌లో ఎవరో వాడి వాడి వదిలేస్తే
ఓడెక్కి రైలెక్కి వచ్చింది నాది,
కుడిపక్కన నడిచే రోడ్ల మీదకి
కుడిపక్క స్టీరింగుతోనే.
మీట నొక్కగానే ఒక జపాన్ అమ్మాయి
ఏదో మర్యాదగా చెబుతుంది.
షాగ్దర్ మనవరాలు సొలోంగో ప్రతిసారీ
"బాగున్నాను, నువ్వో?" అంటుంది.
టోల్ కార్డు పెట్టలేదు అంటోందట ఆ అమ్మాయి.
పిల్లకి మేమెవరం చెప్పలేదు.

హెడ్‌లైటు కోసం వచ్చిన కుర్రాడు బిల్గూన్
చేతులు చంకల్లో దాచుకుని అడిగాడు:
"తాతా, ఇంకో నలభై ఏళ్ళకి
దీన్ని కూడా అద్దాల గదిలో పెడతారా?"

షాగ్దర్ గడ్డంతో పెరట్లోకి చూపించాడు.
పాత రష్యా జీపు, కొత్త ఆకుపచ్చ రంగు.
"మా నాన్న దాన్ని తన్నని రోజు లేదు.
తర్వాత పదేళ్ళు మేకపిల్లలు పడుకున్నాయి అందులో.
ఇప్పుడు పెళ్ళివాళ్ళు వచ్చి ఫోటోలు తీసుకుంటున్నారు.
కానీ అది ఇనుము. సుత్తి చెబితే వింటుంది.
ఇదా?
దీని బుర్రలో ఏం రాశారో
రాసినవాళ్ళే మర్చిపోతారు.
చలికి దీని ప్లాస్టిక్ ఎండు పెరుగుబిళ్ళలా పుటుక్కుమంటుంది."

నేను సీటు వంక చూస్తున్నాను.
నా రెండోదాన్ని కన్నది దాని మీదే,
శాంతి వంతెన మీద, సాయంత్రం ట్రాఫిక్‌లో.
నడుపుతున్నది మా ఆడపడుచు నర్మందఖ్.
హారన్ కొడుతూ ఏడుస్తూ నన్ను తిడుతూ నడిపింది.
మరక పోలేదు. మీద గొర్రెతోలు పరిచాం.

ఊళ్ళో ఒకాయన ఎర్ర స్పోర్ట్స్ కారుకి
పట్టుగుడ్డ కప్పి ఉంచుతాడు.
అలాంటివాళ్ళు ప్రతి ఊళ్ళో ఉంటారు,
అందుకే అది ఎప్పటికీ దొరుకుతుంది.
పెరటిచెట్టు మందుకి రాదు కదా.
దాచాలని ఎవరికీ తోచనిదే
ఒకరోజు చూద్దామన్నా కనపడదు.

నాదమ్ పండగలో రెండేళ్ళ గుర్రప్పిల్లల పరుగు చూశారా?
ముందొచ్చినదానికి పాట పాడతారు.
అందరికంటే వెనకొచ్చినదానికీ పాడతారు.
నిండుపొట్ట అని ముద్దుగా పిలిచి,
తప్పు నీది కాదమ్మా, వచ్చే ఏడు నీదే అని
చెమట పట్టిన మెడ నిమురుతారు.
మధ్యలో వచ్చినవి దుమ్ములోంచి వచ్చి
దుమ్ములోకే పోతాయి, పేరు కూడా అడగరు.

నాది మధ్యలోది.
దానికి పాట దక్కాలంటే
చివరిది కావాలి.
చివరిది కావాలంటే
ఈ సంతలో ఉన్నవన్నీ, గోడకి ఆనించిన సీట్లన్నీ,
వాటి మీద పుట్టినవాళ్ళూ
ముందు వెళ్ళిపోవాలి.
అంత తొందరేం లేదు నాకు.

మధ్యాహ్నానికి బండి లేచింది.
జపాన్ అమ్మాయి చెప్పింది, సొలోంగో బదులిచ్చింది.
ఒక బోల్టు మిగిలింది.
అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు షాగ్దర్,
ఎక్కడిదో అంతుపట్టలేదు.
నా కోటు జేబులో వేసి
"దాచుకో" అన్నాడు.